పోచన్న కడిగిన రోమను కుండ

పోచన్న ఏ కుండనైనా చేతిలోకి తీసుకునే ముందు గోటితో ఒకసారి మీటి చూసేవాడు. క్యాంపులో మంచినీళ్ల కోసం కొన్న కూజా అయినా అంతే, దుబాయ్ సత్వాలో ఊరివాళ్ల గదిలో తులసి మొక్క పెట్టిన తొట్టి అయినా అంతే. ముందు మీటేవాడు, తల ఓ పక్కకు వంచి వినేవాడు. ఆ తర్వాత "మంచిగనే ఉన్నది" అనో, "పగులు బట్టింది, పారేయుండ్రి" అనో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు తప్పినట్టు ఎవరికీ గుర్తు లేదు.

రాయికల్ దాటాక లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు అతనిది. కల్లు గీసే గౌండ్ల ఇంటి పిల్లవాడు. పద్నాలుగో ఏట నడుముకు మోకు బిగించి ఈతచెట్టెక్కాడు. ముప్పై రెండో ఏడు వచ్చేదాకా రోజూ పొద్దునా సాయంత్రం చెట్లతోనే బతికాడు. ఏ చెట్టు ఏ నెలలో ఎంత పారుతుందో, ఏ కోతకు ఎంత లోతు కావాలో అతని కత్తికి తెలుసు. వాన తగ్గి, ఈతవనం ఎండి, మిగిలిన చెట్లు ప్లాట్ల కింద పోయాక కల్లు డిపోవాళ్లు పిలిచారు. నీళ్లలో పొడి కలిపి కల్లు చేసే పని, జీతం మంచిదే అన్నారు. "చెట్టు ఇయ్యని కల్లు నేను పొయ్య" అని వచ్చేశాడు పోచన్న. ఊళ్లో అతనికి ఇంకో పని లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని దుబాయ్ విమానం ఎక్కవలసి వచ్చింది.

అతను దిగింది దుబాయ్‌లో కాదు, ఉమ్ అల్ క్వైన్‌లో. పారిశ్రామిక వాడలో సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీ. పందొమ్మిదేళ్లు అక్కడే. అచ్చులోంచి తీసిన బ్లాకులు మోయడం, పేర్చడం, తడపడం. ఫోన్ చేసినప్పుడు భార్య సమ్మవ్వ అనేది, "ముందు నీ దగ్గు మాట్లాడుతది, ఆయెనుక నువ్వు మాట్లాడుతవు."

2023 చలికాలంలో లేబర్ సప్లై కంపెనీ ఆరుగురిని ఖాడీ ఒడ్డున, అంటే సముద్రపు పాయ ఒడ్డున, తవ్వకాల పనికి పంపింది. రెండువేల ఏళ్ల కిందట అక్కడ ఒక రేవు ఊరు ఉండేదట. ఆ ఊరిని ఇసుకలోంచి పైకి తీస్తున్నది ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, పెద్ద టోపీ, మోకాళ్లకు కట్టుకున్న రబ్బరు దిళ్లు. ఆమె పేరు పనివాళ్ల నోట పలకలేదు, అందరికీ డాక్టరమ్మే. ఆమె మాటను పనివాళ్లకూ, పనివాళ్ల మాటను ఆమెకూ చేరవేసేది సనోబర్. నెల్లూరి అమ్మాయి, దుబాయ్‌లో చదువుకుంది. దొరికిన ప్రతి ముక్కకూ నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించడం ఆమె ఉద్యోగం.

మొదటి రోజే పోచన్న ఒక కుండపెంకును తీసి, అలవాటు కొద్దీ మీటి, తల వంచి విన్నాడు. డాక్టరమ్మ చూసింది. దగ్గరికి వచ్చి రెండు పెంకులు అతని చేతిలో పెట్టింది. పోచన్న రెండూ మీటాడు.

"గిది ఈడిదే. మెత్తని మంటల కాలింది. గిదేమో పరాయి ఊరిది బిడ్డా. గట్టి ఆవంల కాలింది. దీన్ని కాల్చినోడు ఉస్తాదు" అన్నాడు.

సనోబర్ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ ఆ రెండో పెంకును వెనక్కి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. అది తన దేశం నుంచి వచ్చిన ద్రాక్షసారా జాడీ ముక్కే అని సనోబర్‌తో చెప్పింది. మర్నాటి నుంచి పోచన్నకు పార, తట్ట తప్పాయి. దొరికిన పెంకులన్నీ పొద్దున్నే కడిగి, ఆరబెట్టి, సనోబర్ బల్ల మీద పరచడం అతని పనయింది.

ఆ పనిలో పడ్డాక దగ్గు తగ్గింది. నిద్ర పట్టింది. మనిషి నడకే మారింది. సూపర్‌వైజరు నయీమ్ ఒక సంగతి చెప్పి ఉంచాడు. డాక్టరమ్మ మెచ్చినవాళ్లను మళ్లీ చలికాలానికి పేరుపెట్టి పిలిపించుకుంటుంది, మిగిలినవాళ్లు తిరిగి బ్లాకుల ఫ్యాక్టరీకే. ఆ జాబితాలో తన పేరుండాలన్నది తప్ప పోచన్నకు ఆ రోజుల్లో ఇంకో కోరిక లేదు.

మధ్యాహ్నం రొట్టెలు తినే వేళ డాక్టరమ్మ కొన్నిసార్లు వాళ్ల ఊరి సంగతులు చెప్పేది. వాళ్ల నాయనమ్మ పరికిణీ పైకి దోపుకుని తొట్లో ద్రాక్షపళ్లు తొక్కేదట. రెండువేల ఏళ్ల కిందటా అంతేనట. తొక్కిన రసాన్ని భూమిలో పాతిన కాగుల్లో పులియబెట్టేవారట. పులిసినదాన్ని చెట్టు బంక కాచి లోపల పూసిన, అడుగు మొనదేలిన పొడుగు జాడీల్లోకి వంచి, మూతి బిగించి ఓడలకెక్కించేవారట. ఈజిప్టు దాకా ఒక ఓడ, ఎర్రసముద్రంలో ఇంకో ఓడ. అక్కడినుంచి ఈ ఒడ్డుకు, ఇంకా మన దేశపు రేవులకు.

"అంటే కాకా, గీ పెంకులల్ల ఉండేది రెండువేల ఏండ్ల కల్లు!" అన్నాడు దేవేందర్. పోచన్న పక్క ఊరివాడే, ముప్పై ఏళ్లవాడు, నోటికి తాళం లేనివాడు. "జరంత మిగిలినా బాగుండు. సనోబరమ్మా, నువ్వైతే ముట్టవు గని, నీ వాటా నాకు రాయి."

"నేను తాగను, తాగినోళ్ల కుండలు లెక్కపెడతా, అంతే" అంది సనోబర్. "నీకు వాటా కావాలంటే ఓడెక్కి రెండువేల ఏళ్లు వెనక్కి పో అన్నా."

"వానికి తాగుడే సోయి బిడ్డా" అన్నాడు పోచన్న. "మా ఈతకల్లు పొద్దుగాల తీస్తె మాపటికే పులుస్తది. ఇన్ని సముద్రాలు దాటించి ద్రాక్షకల్లు తెచ్చిండ్రంటే వాళ్లెంత ఒడుపుగాళ్లో అది జూడు." ఆ మాట సనోబర్ చెప్పినప్పుడు డాక్టరమ్మ నవ్వి, తన పళ్లెంలోని జున్నుముక్క తీసి పోచన్న పళ్లెంలో వేసింది.

అలాంటి పోచన్న చేతిలోనే ఆ పొరపాటు జరిగింది. నిజానికి అతని చేతిలోనే జరగదగిన పొరపాటు అది.

ఒక శనివారం సాయంత్రం, తవ్వుతున్న ఒక పాత గదిలో దక్షిణపు గోడ వెంట పన్నెండు పెంకులు బయటపడ్డాయి. లోపలి వైపు నల్లని పొర అంటుకుని ఉంది. ఆ పొరలో ద్రాక్ష జాడ ఉందో లేదో ప్రయోగశాలలో తేల్చవచ్చు. సీజనంతా డాక్టరమ్మ వెతుకుతున్నది దానికోసమే. వీటికి నీళ్లు తగలకూడదు, సోమవారం పొద్దున్నే పొట్లాలు కడదాం అని సనోబర్‌తో చెప్పింది. పోచన్న అప్పుడు అక్కడ లేడు, వ్యానులో నీళ్ల డ్రమ్ములు తేవడానికి వెళ్లాడు. సనోబర్ పెంకుల్ని ఒక ట్రేలో పరచి రేకుల షెడ్డులో పెట్టింది. కడగొద్దని చీటీ రాసి పెట్టాలనుకుంది. ఇంతలో బస్సు హారన్ కొట్టింది. మరుసటి రోజు ఆదివారం, సెలవు.

సోమవారం పోచన్న అందరికన్నా ముందు వచ్చాడు. బుధవారంతో తవ్వకం ముగుస్తుంది. ఆ రోజే మ్యూజియం పెద్దలూ, కాలేజీ పిల్లలూ చూడటానికి వస్తున్నారు. అంతా అద్దంలా ఉండాలని అతని పట్టుదల. ట్రేలో నల్లగా మాడినట్టున్న పెంకులు చూడగానే అతని ప్రాణం చివుక్కుమంది. కల్లు గీసేవాడి ఇంట్లో కల్లు పట్టే లొట్టి లోపల నలుపుంటే తలవంపులు. నిన్నటి మడ్డి లొట్టికి అంటుకుని ఉంటే ఇవాళ్టి కల్లు చెడుతుంది. తాగినవాడు ఉమ్మేసి పోతాడు. తండ్రి చేతి దెబ్బలు తిని నేర్చుకున్న చదువు అది.

బ్రష్షుతో రుద్దాడు. పోలేదు. పోకపోయేసరికి పంతం పెరిగింది. కాపలావాళ్ల చాయ్ పొయ్యి మీద నీళ్లు కాచాడు. పొయ్యిలోని బూడిద తీశాడు. పక్కనే ఉన్న ఖర్జూరపు చెట్టు మట్ట మొదట్లోంచి పీచు పీకాడు. లొట్టిని తోమినట్టే ఒక్కొక్క పెంకునూ తోమి, కడిగి, ఎర్రగా మెరిసేదాకా వదల్లేదు. పన్నెండూ ఎండలో వరుసగా పెట్టి తృప్తిగా చూసుకుంటుండగా సనోబర్ వచ్చింది.

ఆమె అరవలేదు. ఆ వరుస పక్కన కూర్చుని ఒక పెంకును తిప్పి చూసింది.

"మామా... అది మురికి కాదు మామా. దానికోసమే మూడు నెలల్నుంచి తవ్వుతా ఉండాం."

పోచన్నకు ముందు అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పాక చేతిలోని పీచు జారిపోయింది.

దేవేందర్ అటూ ఇటూ చూశాడు. "డాక్టరమ్మ ఇంక రాలే. కాకా, నామాటిను. రాత్రి మంచు బాగ కురిసింది, ట్రే బయటనే ఉండె, తడిసి పోయిందని చెప్పుదాం. మంచును ఎవడు తిడ్తడు?"

మాట బాగానే ఉంది. ఆ చోట చలికాలపు మంచు నిజంగానే వానలా కారుతుంది. కానీ ట్రేను లోపల పెట్టవలసిన మనిషి సనోబర్. పోచన్న ఆమె ముఖం వంక చూశాడు. ఆమె తల దించుకుంది.

"మంచును తిట్టరు. గీ పిల్లను తిడ్తరు" అన్నాడు పోచన్న. "నా చేతులు చేసిన పని నా నోటితోనే చెప్త. నడువు బిడ్డా."

డాక్టరమ్మ కారు ఆగకముందే అతను దాని పక్కన నిలబడి ఉన్నాడు. చెప్పాడు. బూడిదతో సహా, పీచుతో సహా చెప్పాడు. ఆమె ఒక పెంకు తీసి వెలుగులో తిప్పి చూసింది. దాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టి, ఖాడీ ఒడ్డుదాకా నడిచి, మడచెట్ల వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఆ సేపు మాట్లాడిందల్లా నయీమ్ ఒక్కడే.

"క్యా మియా, పందొమ్మిదేళ్ల సర్వీసు! ఏం జేస్తున్నవో జర సోంచాయించాలె గద? బుధవారం దాంక ఉండు. గురువారం నుంచి బ్లాక్ ఫ్యాక్టరీ. వచ్చే సాల్ నీ పేరు ఉండదు. ఖలాస్."

పోచన్న తల ఊపాడు. తప్పుకు ఇది సబబైన శిక్షే అనిపించింది అతనికి. కానీ పెంకుల్లోని ద్రాక్షకల్లు తన చేతుల్లోనే పోయిందన్న మాటే అతన్ని వదల్లేదు.

డాక్టరమ్మ తిరిగి వచ్చి నోటు పుస్తకం తెరిచింది. కడిగేటప్పుడు ఏం చూశావు, ఏ వాసన వచ్చింది, అన్నీ చెప్పమంది. పోయినదాని గురించి ఆ కాస్తయినా రాసుకోవాలని ఆమె ఉద్దేశం.

"వేడినీళ్లు తగలంగనే గుగ్గిలం పొగేసినట్టు అచ్చింది, సన్నగ. పెంకుల్లోపల అంతట ఒక్క తీరు నలుపు. అది పూత" అన్నాడు పోచన్న. చెబుతూ చెబుతూ ఆగాడు. పన్నెండు పెంకుల మీదా చూపు తిప్పాడు. "బిడ్డా, అడుగేది? వీటిల మెడ ఉన్నది, పొట్ట ఉన్నది, చెవి ఉన్నది. అడుగు లేదు. మడ్డి ఎప్పుడన్న అడుగునే ఉంటది గద."

ఎవరో జాడీ పగిలితే చెత్తగా తెచ్చి ఈ గదిలో పారేశారనీ, అడుగు ఇంకెక్కడ పడిందో చెప్పలేమనీ డాక్టరమ్మ అభిప్రాయం. పోచన్న ఒప్పుకోలేదు. గుంట దగ్గరికి పోయి, బోర్లా పడుకుని, దక్షిణపు గోడ మొదట్లో ఇసుకను వేళ్లతో నలిపాడు. గది నడుమ నేల సున్నపు గచ్చు, రాయిలా గట్టిగా ఉంది. గోడ వెంట మూరెడు వెడల్పున మాత్రం గచ్చు లేదు, మెత్తని ఇసుక.

"గిది గాలి తెచ్చిన ఇసుక కాదు. గింతింత గవ్వముక్కలు గాలికి లేస్తయా? ఎవలో ఒడ్డునుంచి తట్టలతోని తెచ్చి పోసిండ్రు. గీ గోడకు దినమంత ఎండ తగలదు, జూడుండ్రి. మా కల్లు దుకాణంల గుండ్రటడుగు కుండలు నిలబడయని నీడ పక్కకు తడి ఇసుక పోసి అండ్ల గుచ్చుతం. కుదురూ అదే, చలువా అదే. మీ జాడీకి మొనదేలిన అడుగంటిరి. మరి అది ఏడ నిలబడ్డది? పొట్ట పగిలి పక్కకు ఒరిగింది. అడుగు గుచ్చిన కాడనే ఉంటది."

సనోబర్ మాట పూర్తి కాకముందే డాక్టరమ్మ గుంటలోకి దిగింది. అక్కడ ఇసుకను అదివరకే కొలిచి, గాలికి చేరిందని రాసి పెట్టుకున్నది ఆమే. పిడికెడు తీసి అరచేతిలో పరచి చూసింది. "రెండు రోజులు" అంది. అది పోచన్నకు తర్జుమా లేకుండానే తెలిసింది.

రెండు రోజులూ పోచన్న నడుమెత్తలేదు. పార పట్టనివ్వలేదు. బ్రష్షుతో, వెదురుపుల్లతో, ఒక్కోసారి ఒట్టి ఊపిరితో ఇసుక తీశాడు. దేవేందర్ తట్ట మోస్తూ ఊరుకుంటాడా? "కాకా, అడుగు దొరకకపోతె మనం బ్లాకులల్ల అడుగునుంటం" అన్నాడు. సోమవారం ఏమీ లేదు. మంగళవారం జానెడు లోతుకు పోయారు, ఏమీ లేదు. సాయంత్రం నయీమ్ వ్యాను దిగి గుంట అంచున నిలబడి, "సామాన్ సద్దుకున్నవా?" అని అడిగాడు. ఉన్నదంతా ఒక సంచే, ఎప్పుడో సర్దుకున్నాడు పోచన్న.

బుధవారం పొద్దున పుల్లకు ఏదో తగిలింది. పోచన్న చేయి ఆగిపోయింది. మీటాలని గోరు ముందుకు పోయింది. వెనక్కి తీసుకున్నాడు.

"బిడ్డా, డాక్టరమ్మను పిలువు. నేను ముట్ట."

డాక్టరమ్మ బ్రష్షు పట్టింది. ఇసుకలో నిటారుగా గుచ్చుకుని, పైన విరిగి, కింద మొన చెక్కుచెదరని జాడీ అడుగు ఒకటి బయటపడింది. దాని పక్కన మూరెడు దూరంలో ఇంకొకటి. ఇంకా అవతల మూడోది. వరుసగా, ఎవరో నిన్ననే గుచ్చి పోయినట్టు. మొదటిదాని లోపల, సన్నని మొనలో, నల్లటి పూత మీద బొటనవేలంత మందాన గట్టిపడిన మడ్డి ఉంది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మోకాళ్ల మీద అలాగే పక్కకు జరిగి, పోచన్న ఇసుకచేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. దేవేందర్ ఈల వేశాడు.

పది గంటలకు చూడవచ్చినవాళ్ల బస్సు వచ్చింది. డాక్టరమ్మ వాళ్లకు తోటలు, తొట్లు, కాగులు, ఓడలు అన్నీ చెప్పుకొచ్చి, ఇసుక పడక దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఇక్కడి నుంచి ఈయన చెప్తాడు అంది. పోచన్న వెనక్కి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని. లేరు.

ఇసుక వైపే చూస్తూ మొదలుపెట్టాడు. నీడ గోడ, ఒడ్డు ఇసుక, గుచ్చిన మొన. ద్రాక్ష తొక్కినవాడి కష్టం ఒకటైతే, అది చెడకుండా ఇంతదూరం వచ్చాక ఎండ తగలకుండా నిలబెట్టినవాడి తెలివి ఇంకొకటి అన్నాడు. ఆ రెండోవాడి పేరు ఎవరూ రాయరు, కానీ అతను ఇక్కడ కూర్చుని పని చేసినట్టే తనకు కనబడుతోందన్నాడు. సనోబర్ ఒక్క మాట పోకుండా చెప్పింది. రాసుకుంటున్న పిల్లలు రాయడం ఆపి విన్నారు.

ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. లోపల నల్లగా ఉందే, దాన్ని ఎప్పుడు శుభ్రం చేస్తారు?

సనోబర్ ఆ ప్రశ్నను తెలుగులో చెప్పడానికి తటపటాయించింది. కానీ ఆ అమ్మాయి చూపించిన వేలు చూసే పోచన్న గ్రహించాడు. షెడ్డులోకి పోయి ట్రే తెచ్చి, అందరి ముందూ పెట్టాడు.

"గివి నేను శుభ్రం జేసినయి. బూడిద వెట్టి తోమిన. ఎంత మంచిగ మెరుస్తున్నయో సూడుండ్రి. ఇగ వీటిని అడిగితే ఏం చెప్పయి. గదేమో కడగనిది. అది చెప్తది. గందుకే దాన్ని ఎవ్వలు ముట్టొద్దు, నేను గూడ."

ముందు నవ్వింది డాక్టరమ్మే. మ్యూజియం పెద్దాయన ఒకాయన, తెల్లని పొడుగు అంగీ, కందూరా, వేసుకున్న ముసలాయన, ఎడమచేత్తో ఒక కడిగిన పెంకునూ, కుడిచేత్తో పోచన్న భుజాన్నీ పట్టుకుని అరబ్బీలో ఏదో అన్నాడు. "తప్పును దాచనివాడి చేతిలో ఏ వస్తువైనా భద్రం అంటున్నారు మామా" అంది సనోబర్.

బస్సు వెళ్లిపోయాక నయీమ్ గడియారం చూసుకున్నాడు. "యల్లా పోచన్న, సామాన్ వ్యాన్ల వెయ్."

పోచన్న సంచి భుజానికెత్తాడు. డాక్టరమ్మ వచ్చి ఆ సంచి పట్టీ పట్టుకుంది. మిగిలిన రెండు జాడీల అడుగులు తీయడానికి ఇంకో రెండు వారాలకు మ్యూజియంవాళ్లు ఒప్పుకున్నారనీ, ఆ పనికీ, వచ్చే చలికాలానికీ పోచన్న తనకు కావాలనీ నయీమ్‌తో చెప్పింది. కంపెనీకి తానే ఉత్తరం రాస్తానంది.

పోచన్న వెంటనే ఒప్పుకోలేదు. "ఒక్క మాట అడుగు బిడ్డా. మల్ల కడిగే పనిలనే పెడ్తరా నన్ను? అయినా నమ్ముతరా?"

ఆ ప్రశ్న విని డాక్టరమ్మ, కడిగే పని అతనిదే అంది. ఏది కడగాలో, ఏది కడగకూడదో ముందు ఇద్దరూ కలిసి కూర్చుని చూద్దామంది.

నయీమ్ బుగ్గ గోక్కున్నాడు. "అచ్ఛా భాయ్. నీ నసీబ్. మరి రేపు వ్యాను ఎన్నింటికి పంపాలె?"

"ఆరింటికి" అన్నాడు పోచన్న, సంచిని షెడ్డులో పెడుతూ. "ఆలస్యం జెయ్యకు. ఎండెక్కినంక ఇసుక ఆరి జారుతది, మొన ఒరుగుతది."